కాలువ నీళ్లు, రాళ్ల వానలు

నంగునూరు మండలం రైతు కుటుంబాలకు, చిన్నకోడూరు, కోహెడ, హుస్నాబాద్, సిద్దిపేట చుట్టుపక్కల ఊర్లలో ఈ మాటలు వింటున్న ఎవుసం చేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ పూట వానల గురించి, ఎండల గురించి, మన పంటల గురించి మాట్లాడుకుందాం. అసలు మాట ముందే చెప్పేస్తాను. చెప్పబోయేదంతా దాని చుట్టే తిరుగుతుంది కాబట్టి, పనిలో పడి మధ్యలో విన్నవాళ్లకు కూడా అందుతుంది.

మాట ఇది. మన ప్రాంతానికి కాలువ నీళ్లు వచ్చినయి. కానీ మొగులు భయం పోలేదు. ఆ భయం నెల మార్చుకుంది. ఒకప్పుడు జూన్, జూలైలలో, విత్తనం వేసేటప్పుడు గుండె గుబులుగా ఉండేది. ఇప్పుడు మార్చి, ఏప్రిల్‌లలో, కోత ముందు గుబులు. అక్టోబరులో, కల్లంలో వడ్లు ఉన్నప్పుడు గుబులు. నెల మారింది కాబట్టి మన జాగ్రత్త కూడా మారాలి. ఆ జాగ్రత్తలో అన్నిటికంటే పెద్దది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. అది తేదీ. తుకం ఏ తేదీన పోస్తున్నాం అన్నది.

కొంచెం వెనక్కి పోదాం. 2015 గుర్తుందా? మరిచిపోయే ఏడాది కాదది. అప్పుడు మనది ఇంకా మెదక్ జిల్లా. వానాకాలం పేరుకే వచ్చింది. సింగూరు ఎండింది, మంజీర ఎండింది, బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తిపోయినయి. మన కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో వాన నీరు ఇంకితేనే బోరు పోస్తుంది. వాన లేకపోతే ఎంత లోతుకు పోయినా దుమ్మే. ఒకే కమతంలో బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన కుటుంబాలు ప్రతి ఊర్లో ఉన్నాయి. మీలో చాలామందికి నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ ఏడాది జరిగింది ఇక్కడి ముచ్చట ఒక్కటే కాదు. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో, దక్షిణ అమెరికా వైపున, నీళ్లు మామూలు కంటే వేడెక్కినయి. దాన్నే ఎల్‌నినో అంటారు. అక్కడ నీళ్లు వేడెక్కితే గాలుల నడక మారిపోతుంది. మన వైపు రావాల్సిన నైరుతి గాలులు చాలాసార్లు బలహీనపడతాయి. 2002లో అదే, 2009లో అదే, 2015లో అదే. ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ కరువే అనుకోకండి, అట్లా లేదు. కానీ వార్తల్లో ఆ పేరు వినబడితే మాత్రం ఆ ఏడాది అడుగు ఆచితూచి వేయాలి.

తర్వాత ఏం జరిగింది? 2020 ఏప్రిల్‌లో చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి గోదావరి నీళ్లు ఎక్కినయి. మూడు టీఎంసీల జలాశయం అది. మధ్యమానేరు నుంచి, అనంతగిరి మీదుగా ఎత్తిపోసుకుంటూ తెచ్చిన నీళ్లు. అక్కడి నుంచి కాలువలు పారినయి. చెరువులు నిండినయి. మోయతుమ్మెద వాగు మీద చెక్‌డ్యాములు నిలిచినయి. బోర్లలో నీళ్లు పైకి వచ్చినయి. ఒకప్పుడు యాసంగి అంటే ఎకరమో అరెకరమో బాయి కింద వేసుకునేవాళ్లు, ఇప్పుడు ఉన్న పొలమంతా నాటు పెడుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. మా తరం వాళ్లు చూస్తామని అనుకోని మార్పు.

కానీ ఇక్కడే జాగ్రత్తగా వినండి. వానాకాలం పంట ఒక్కటే ఉన్నప్పుడు మన పొలం మార్చి, ఏప్రిల్‌లలో ఖాళీగా ఉండేది. రాళ్ల వాన పడితే మామిడి రాలేది, రేకులు పగిలేవి, అంతే. ఇప్పుడు అదే మార్చి, ఏప్రిల్‌లలో మన పొలం నిండా గింజ పోసుకున్న వరి ఉంది. వాన అదే. దాని కింద ఉన్న పంట కొత్తది.

2023 వేసవిని గుర్తు చేసుకోండి. మార్చి మధ్యలో ఒక దెబ్బ కొట్టింది. ఎకరానికి పది వేల రూపాయల సాయం ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది ఆ దెబ్బకే. అది మరవకముందే ఏప్రిల్‌లో మళ్లీ రాళ్లు పడ్డయి. ఈసారి వరి కోతకు వచ్చి ఉంది. రాళ్ల వాన పడ్డ మడిలోకి దిగి చూసినవాళ్లకు తెలుసు అది ఎట్లా ఉంటుందో. దూరం నుంచి చూస్తే పొలం పచ్చగా, నిలబడే ఉన్నట్టు ఉంటుంది. దగ్గరికి పోయి ఒక కంకిని చేతిలోకి తీసుకుంటే ఉత్త ఈనె మిగిలి ఉంటుంది. గింజలన్నీ కింద బురదలో. వంగి దోసిట్లోకి తీసుకుంటే సగం గింజలు, సగం మట్టి. హార్వెస్టర్ పెట్టినా లాభం లేదు, మిషన్ కిరాయి కూడా రాదు. నాటు కూలి, ఎరువు, నీళ్లు, నాలుగు నెలల కష్టం, అన్నీ పెట్టిన తర్వాత, ఇక రేపో మాపో కోస్తామన్నప్పుడు, పావుగంటలో అయిపోతుంది. ఒక పంటకు ఇంతకంటే క్రూరమైన దెబ్బ నాకు తెలియదు. విత్తనం మొలవకపోతే విత్తనం ఖర్చు పోతుంది. కోత ముందు పోతే అంతా పోతుంది.

ఈ రాళ్లు ఎందుకు పడతాయి? వేసవిలోనే ఎందుకు? దీన్ని అర్థం చేసుకుంటే తేదీ సంగతి తేలికగా అర్థమవుతుంది.

మార్చి వచ్చేసరికి మన నేల కాగడం మొదలవుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. అదే సమయంలో బంగాళాఖాతం నుంచి తేమ గాలి లోపలికి వస్తుంది. రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు, విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి ఉంది అని వింటుంటారు. అంటే ఆ గీత పొడుగునా రెండు రకాల గాలులు ఎదురుపడుతున్నాయని అర్థం. కింద వేడి, మధ్యలో తేమ, పైన చల్లదనం. ఈ మూడూ కలిస్తే మధ్యాహ్నం దాటాక మొగులు నిలువుగా పెరుగుతుంది, పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు. ఆ ఎత్తులో నీటి చుక్క గడ్డ కడుతుంది. కింద నుంచి వచ్చే గాలి దాన్ని మళ్లీ పైకి ఎగదోస్తుంది. కింద పడబోతుంది, మళ్లీ పైకి పోతుంది, పోయినప్పుడల్లా ఇంకో పొర మంచు పట్టుతుంది. గాలి మోయలేనంత బరువైనప్పుడు నేల మీద పడుతుంది. అందుకే పొద్దున అంత ఎండ కొట్టి, ఉక్కపోసి, సాయంత్రానికి రాళ్లు పడతాయి. అందుకే ఒక ఊర్లో పడి, పక్క ఊర్లో చినుకు కూడా ఉండదు.

ఎండ ముదిరే కొద్దీ, అంటే మార్చి నుంచి ఏప్రిల్‌కు, ఏప్రిల్ నుంచి మేకు పోయేకొద్దీ, ఈదురుగాలులు, ఉరుముల వానలు ఎక్కువవుతాయి. అంటే మన వరి పొలంలో ఎంత ఆలస్యంగా ఉంటే అంత ప్రమాదం. మార్చిలో కూడా రాళ్లు పడతాయి, 2023లో చూశాం. పూర్తిగా భద్రమైన తేదీ అంటూ లేదు. కానీ ఏప్రిల్ మొదటి వారానికి కోసేసిన పొలానికి, మే మొదటి వారం దాకా నిలబడ్డ పొలానికి చాలా తేడా ఉంది. ఆ నెల రోజులు పంటను మొగులు కింద పెట్టాలా వద్దా అన్నది మన చేతిలో ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇద్దరు రైతులు అనుకుందాం, పక్కపక్క పొలాలే, ఒకే తూము కింద. ఇద్దరూ వేసింది 125 రోజుల రకమే. మొదటాయన నవంబరు నడుమ తుకం పోసిండు. డిసెంబరు రెండో వారానికి నాటు పడ్డది. ఆయన వరి ఫిబ్రవరి చివర ఈనింది. చలికి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఏప్రిల్ మొదటి వారం లోపల కోత అయిపోయింది. రెండో ఆయనకు వానాకాలం పంట లేటుగా కోతకు వచ్చింది. పొలం దున్నేసరికి డిసెంబరు సగం దాటింది. చలి మంచిగా ముదిరినప్పుడు తుకం పోసిండు. మొలక సరిగా రాలేదు. నారు ఎదగలేదు, పచ్చబడలేదు, ఎర్రబారి అక్కడే నిలబడ్డది. జింకు లోపం కనబడ్డది, దానికి మందు కొట్టిండు. ఇరవై అయిదు రోజుల నారు కావాల్సింది నెల దాటినా చేతికి రాలేదు. నాటు జనవరి చివరికి పోయింది. ఈనేది ఏప్రిల్‌లో. కోసేది మేలో.

చూశారా? మొదట్లో నెల రోజుల తేడా. చలి వల్ల అది ఇంకా పెరిగింది. రెండో ఆయన పంట మీద మూడు దెబ్బలు కాచుకొని ఉన్నాయి. మొదట్లో చలి, నడుమ ఎండ, చివర్లో రాళ్ల వాన. తప్పు విత్తనానిది కాదు, ఎరువుది కాదు. తేదీది.

నడుమ ఎండ అన్నాను కదా. దాని గురించి కొంచెం ఆగి చెప్పుకుందాం, ఎందుకంటే ఈ దెబ్బ కంటికి కనబడదు.

వరి పూత చూడాలంటే పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పొలానికి పోవాలి. ఈనిన కంకిని దగ్గరికి తీసుకొని చూడండి. పైనున్న గింజలు మొదట విచ్చుకుంటాయి. రెండు పొట్టు రెక్కల మధ్య నుంచి తెల్లటి సన్నని పోగులు బయటికి వేలాడుతాయి. అదే వరి పువ్వు. దాని ఆయుష్షు సుమారు ఒక గంట. ఆ గంటలోనే పుప్పొడి రాలి లోపలికి చేరాలి. చేరితే గింజ. చేరకపోతే తాలు. ఒక కంకి మొత్తం పూయడానికి వారం దాకా పడుతుంది, రోజుకు కొన్ని గింజలు. ఆ వారంలో, ఆ గంటలో, ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి ఎండిపోతుంది, పోగులు సరిగా విచ్చుకోవు. పైకి కంకి మామూలుగానే కనబడుతుంది. కోసి తూకం వేసిన తర్వాత తెలుస్తుంది, బస్తాలు తగ్గినయని. మందు పని చేయలేదనో, విత్తనం కల్తీ అనో అనుకుంటాం. కొన్నిసార్లు అదీ నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు ఆ గంట ఎండే కారణం.

ఫిబ్రవరి చివర ఈనితే పది గంటల ఎండ ఇబ్బంది పెట్టదు. ఏప్రిల్‌లో ఈనితే పొద్దున పదింటికే నెత్తి మాడుతుంది. మళ్లీ అదే మాటకు వచ్చాం. తేదీ.

ఎండతో పాటు రాత్రి ఉక్క కూడా లెక్కలోకి వస్తుంది. పైరు పగలంతా ఎండలో తిండి తయారు చేసుకుంటుంది. రాత్రి కొంత ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ, మిగిలింది గింజకు పోతుంది. రాత్రి కూడా ఉక్కపోస్తే సంపాదించిన దాంట్లో ఎక్కువ భాగం బతకడానికే పోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి తమ పొలాల లెక్కలు చూసి 2004లో ఒక సంగతి బయటపెట్టారు. ఎండకాలపు పంటలో రాత్రి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి పదో వంతు దాకా తగ్గిందని. ఒక్క డిగ్రీకి పదో వంతు. మన దగ్గర అంతే లెక్క అని నేను అనను, నేల వేరు, రకం వేరు. కానీ దారి మాత్రం అదే.

ఇప్పుడు మీరు అడగొచ్చు. నవంబరు నడుమ తుకం పోయమంటున్నరు సరే, పొలం ఖాళీ కావాలి కదా? న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు జూన్‌లో ఉంది.

వానాకాలంలో ఏ రకం వేస్తున్నారో చూసుకోండి. సాంబ మసూరి లాంటి 150 రోజుల రకం జూన్ చివర నారు పోస్తే కోత నవంబరు చివరికి పోతుంది. వడ్లు ఆరబెట్టి, అమ్మి, మళ్లీ పొలం తడిపి దున్నేసరికి డిసెంబరు సగం అయిపోతుంది. అదే 125 రోజుల తెలంగాణ సోనా లాంటి రకం అదే రోజు నారు పోస్తే అక్టోబరు చివరికి కోతకు వస్తుంది. యాసంగికి పదిహేను రోజులు తీరిక దొరుకుతుంది. నారు పోయకుండా వెదజల్లే పద్ధతిలో వేస్తే ఇంకో వారం, పది రోజులు కలిసి వస్తాయి. అయితే కలుపు మీద గట్టి నిఘా ఉండాలి. అంటే ఏప్రిల్‌లో రాళ్ల వాన మన పంట మీద పడాలా, ఖాళీ పొలం మీద పడాలా అన్నది పది నెలల ముందు, జూన్‌లో విత్తనం బస్తా కొనేటప్పుడే సగం తేలిపోతుంది. ఈ ఒక్క మాట ఇంట్లో కూర్చొని అందరూ మాట్లాడుకోండి.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అక్టోబరు చివర కోత అంటే తుపాన్ల కాలం. 2025లో ఏం జరిగిందో చూశాం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. తీరం దాటాక బలహీనపడుతుందిలే అనుకుంటే, అది మన మీదికి వచ్చి వరంగల్, హన్మకొండ, హుస్నాబాద్ ప్రాంతాలను ముంచేసింది. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో అమ్మకానికి పోసుకున్న వడ్లు వరద నీళ్లలో మోరీల దాకా కొట్టుకుపోయినయి. ఆ నీళ్లలో నిలబడి గింజలను చేతులతో ఎత్తుకుంటున్న ఆడబిడ్డలను చూసి కడుపు తరుక్కుపోయింది. అంత దూరంలో సముద్రంలో పుట్టిన తుపాను హుస్నాబాద్‌లో వడ్ల కుప్పను తీసుకుపోయింది. ఇది కూడా కొత్త భయమే.

మరి అక్టోబరు కోత మంచిదా చెడ్డదా? నా ఆలోచన ఇది. తుపాను మూడు, నాలుగు రోజుల ముందు చెప్పి వస్తుంది. రాళ్ల వాన చెప్పి రాదు, చెప్పినా ఏ ఊరి మీద పడుతుందో చెప్పలేరు. తుపాను వస్తున్నదని తెలిస్తే కోత నాలుగు రోజులు ఆపొచ్చు. కోసిన వడ్లు ఎత్తు జాగాకు చేర్చొచ్చు, పరదాలు కప్పొచ్చు. రాళ్ల వానకు కప్పే పరదా లేదు. కనుక రెండింటిలో అక్టోబరు భయాన్నే నేను ఎంచుకుంటాను. అయితే కోసిన వడ్లు ఎన్ని రోజులు కల్లంలో ఉంటాయన్నది రైతు చేతిలో ఉన్న పని కాదు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లలో తేమ ఎక్కువ ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ 17 శాతం లోపు చూపిస్తేనే కాంటా పెడతారు. మబ్బు పట్టిన రోజుల్లో ఆ 17కు దిగడానికి రోజుల తరబడి నేర్పుతూ ఆరబెట్టాలి. ఆరిన తర్వాత గన్నీ సంచులు రావాలి, లారీ రావాలి. ఈ ఆలస్యంలోనే వాన వస్తుంది. కేంద్రాలు కోతలకు ముందే తెరవడం, పరదాలు, ఆరబెట్టే యంత్రాలు అందుబాటులో పెట్టడం, ఇవి ఖర్చు అని లెక్కేసుకోకూడదు. మారిన కాలానికి మొట్టమొదట చేయాల్సిన పని ఇదే అని అధికారులకు ఈ మైకు ముందు నుంచి గట్టిగా చెప్తున్నాను.

ఇప్పటిదాకా వరి ముచ్చటే చెప్పాను. కాలువ ఎక్కని చెల్కలు కూడా ఉన్నాయి మన మండలంలో. పత్తి ఉంది, మక్క ఉంది. అక్కడ పాత భయం పాతగానే ఉంది.

పెద్దలు కార్తెలు లెక్కబెట్టి ఎవుసం చేసేవాళ్లు. మిర్గం నాడు చాపలు తిని, మర్నాడు నాగలి కట్టేవాళ్లు. మఖ, పుబ్బ ఎండితే ఆ ఏడాది కరువే అనేవాళ్లు. ఆ లెక్క ఉత్తది కాదు. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా వచ్చే ఆ రెండు కార్తెల్లో మెట్ట పంట పూత మీద, కాత మీద ఉంటుంది. అప్పుడు వాన తప్పితే మళ్లీ కోలుకోదు. 2023లో అదే అయింది. జూలై చివర్లో రాష్ట్రంలో వరదలు, ములుగు జిల్లాలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లు దాటిన వాన. ఆ వెంటనే ఆగస్టు మొత్తం ఎండిపోయింది. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. ఏడాది చివర లెక్క తీస్తే వాన బాగానే పడినట్టు కాగితం మీద ఉంటుంది. కాగితం మీద మొత్తం కనబడుతుంది. పైరుకు కావాల్సింది వరస.

2025లో మరో రకం. మిర్గం కంటే ముందే, రోహిణి కార్తె మొదట్లోనే, మే నెలలో రుతుపవనాలు తెలంగాణలో అడుగు పెట్టినయి. ముందు వచ్చినయి కదా అని చాలామంది సంతోషపడి పత్తి గింజలు పెట్టేశారు. తర్వాత జూన్‌లో వాన మొహం చాటేసింది. గింజ భూమిలోనే మాడిపోయింది, మళ్లీ పెట్టాల్సి వచ్చింది. రుతుపవనాలు వచ్చాయి అన్న వార్త వేరు, మన చెల్క తడిసింది అన్నది వేరు. పత్తి గింజకు వార్తతో పని లేదు. మొత్తం మీద 60, 70 మిల్లీమీటర్ల వాన పడి, జానెడు లోతు తడిసి, చేతితో పిడికిలి పట్టితే మట్టి ముద్ద కట్టినప్పుడే గింజ పెట్టండి. పొడి దుక్కిలో పెట్టి వాన కోసం మొగులు దిక్కు చూడటం జూదమే. ఆ జూదంలో పోయేది విత్తనం ప్యాకెట్ ఒక్కటే కాదు, పది రోజుల అదను కూడా.

ఎక్కువ వాన పడితే పత్తికి ఇంకో బాధ. వేళ్లకు గాలి అందదు. రెండు రోజులు నీళ్లు నిలిస్తే చెట్టు వాడిపోతుంది, ఆకు ఎర్రబడుతుంది. చాలామంది తెగులు అనుకొని మందుల దుకాణానికి ఉరుకుతారు. ముందు చేయాల్సింది పారతో మురుగు కాలువ తీయడం. నీళ్లు పోయాక, లీటరు నీటికి పది గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద కొడితే చెట్టు తేరుకుంటుంది. వేరు పని చేయనప్పుడు ఆకు ద్వారా తిండి పెట్టడం అది. మక్కకు కూడా ఇదే. చిన్నప్పుడు నీళ్లు నిలిస్తే అది అస్సలు తట్టుకోదు, బోదెల మీద వేసుకుంటే మేలు.

వాన వస్తే అంతా ఒక్కసారే రావడం, రాకపోతే వారాల తరబడి రాకపోవడం, ఇది మన భ్రమ కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని ఒక్క దగ్గర కుమ్మరిస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 1950 నుంచి 2015 దాకా లెక్కలు తీస్తే, మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుండపోత వానలు మూడు రెట్లు పెరిగినట్టు తేలింది. సిద్దిపేట నుంచి హన్మకొండ పోయే దారిలో బస్వాపూర్ దగ్గర మోయతుమ్మెద వాగు రోడ్డు మీదికి ఎక్కి బస్సులు ఆగినప్పుడు ఆ లెక్క మనకు కళ్ల ముందు కనబడుతుంది.

ఆయిల్‌పామ్ వేసినవాళ్లకు ఒక మాట. నంగునూరు మండలం నర్మెట అంటే ఒకప్పుడు 2017లో తవ్వకాల్లో బయటపడ్డ పెద్ద రాతిబండ సమాధి గుర్తుకు వచ్చేది. ఇప్పుడు ఆయిల్‌పామ్ ఫ్యాక్టరీ గుర్తుకు వస్తున్నది. రాళ్ల వానకు వరి కంటే ఈ చెట్టు గట్టిది, నిజమే. కోతుల బాధ తక్కువ అని కూడా చాలామంది వేశారు. కానీ దీనికి వేసవిలో నీళ్లు తప్పితే ఆ దెబ్బ అప్పుడు కనబడదు. నీటి ఎద్దడి పడ్డ చెట్టు మగ పూలు ఎక్కువ వేస్తుంది, ఆడ పూలు తగ్గిస్తుంది. గెలలు తగ్గడం సుమారు రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. కాబట్టి కాలువ ఉంది కదా అని డ్రిప్పు మీద అశ్రద్ధ చేయకండి. కాలువలో నీళ్లు రాని ఏడాది కూడా వేసవిలో బోరు మీద ఎన్ని చెట్లను బతికించగలరో, అన్నే వేయండి.

ఇక వాతావరణ సమాచారం. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం రైతుల కోసం వాతావరణ సలహాలు వెలువడుతాయి. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక కేంద్రం ఉంది. ఫోన్‌లో మేఘదూత్ యాప్ పెట్టుకుంటే తెలుగులోనే వస్తుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. మీకు చేతకాకపోతే చదువుకునే పిల్లలకు చెప్పండి, రెండు నిమిషాల్లో పెట్టిస్తారు. మన దగ్గరికొస్తే, సిద్దిపేట పక్కన తోర్నాలలో విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన స్థానం ఉంది. ఏ రకం ఏ తేదీకి సరిపోతుందో అడగడానికి అంతకంటే దగ్గరి జాగా లేదు.

ఆ సలహాను ఎట్లా వాడుకోవాలో కూడా చెప్పుకుందాం. రెండు, మూడు రోజుల ముందు చెప్పేది చాలావరకు నమ్మొచ్చు. మందు కొట్టాలా, యూరియా చల్లాలా, కోత పెట్టాలా అన్నది దాన్ని బట్టి తేల్చుకోండి. వాన ఉందని తెలిసి యూరియా చల్లితే అది పక్క మడికి పోతుంది, లేకపోతే వాగుకు పోతుంది. వేసవిలో ఉరుములు, ఈదురుగాలులు, వడగండ్లు అన్న మాట ఒక్కచోట వినబడి, మీ వరి ఎనభై, తొంభై శాతం పండి ఉంటే, ఇంకో నాలుగు రోజులు ఆగుదాం, గింజ ఇంకా గట్టిపడుతుంది అని చూడకండి. కోసేయండి. ఆరబెట్టే శ్రమ ఎక్కువవుతుంది, ఒప్పుకుంటాను. ఆ శ్రమతో పంట చేతికి వస్తుంది. పిడుగుల మాట వినబడితే చెట్టు కిందికి పోకండి, గొర్లు కాసే పిల్లలకు కూడా ఇది చెప్పండి.

చివరిగా, తేదీ ఒక్కరి చేతిలో ఉండదు. ఒక తూము కింద పది మంది ఉంటే పది మందికీ నీళ్లు ఒకేసారి రావాలి. ఒక్కరే ముందు నారు పోస్తే చిలుకలు, పురుగులు అన్నీ ఆ ఒక్క మడి మీదే పడతాయి. హార్వెస్టర్ కూడా పది ఎకరాలు ఒక్క దగ్గర ఉంటేనే తొందరగా వస్తుంది. అందుకని ఈ ముచ్చట రైతు వేదికలో మాట్లాడండి. వానాకాలం విత్తనం కొనకముందే, మే నెలలోనే కూర్చోండి. మీ వ్యవసాయ విస్తరణ అధికారిని పిలవండి, నీటిపారుదల వాళ్లను పిలవండి. రెండు ప్రశ్నలు అడగండి. యాసంగికి మా కాలువలోకి నీళ్లు ఏ తేదీన వదులుతారు? ఏ తేదీన ఆపుతారు? నవంబరు మొదటి వారంలో వదలండి, మేం మార్చి చివరికల్లా మీ నీళ్లు మీకు అప్పజెప్తాం అని ఊరంతా ఒక్క మాట మీద అడిగితే కాదనడం కష్టం. వాళ్లు చెప్పిన రెండు తేదీలను వేదిక గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఏ రకం వేయాలి, తుకం ఎప్పుడు పోయాలి అన్నది ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కబెట్టుకొని, అప్పుడు విత్తనం దుకాణానికి పోండి.